గుమ్మంలో ఉండిపోయిన అరుపు

పొద్దున్నే లేవగానే రెబ్కమ్మ చేసే మొదటి పని కుక్కల చెవులు తిరగేసి చూడటం. ప్రత్తిపాడు ఊరి చివర, గుంటూరు రోడ్డు పక్కన, పైరేకులు సగం ఎగిరిపోయిన పొగాకు కాల్చే పాత బ్యారన్ ఒకటి ఉండేది. దాని ముందు గోనెపట్టా పరుచుకుని కూర్చుని, ఒక్కొక్క కుక్కనీ ఒళ్ళోకి లాక్కుని, పిడుదులు ఏరి కిరసనాయిలు పోసిన కొబ్బరిచిప్పలో పడేసేది. ఆ తర్వాత గజ్జి పట్టిన వాటికి కానుగనూనెలో గంధకం కలిపి పట్టించేది. ఆ కంపుకి రోడ్డు మీద సైకిళ్ళ వాళ్ళు ముక్కు మూసుకుని, "ఏం రెబ్కమ్మా, తలంట్లు అయినయ్యా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "అయినయ్యి, నువ్వొక్కడివే మిగిలావ్, రా" అనేది ఆవిడ.

ఆవిడ మొగుడు ఏసోబు పశువుల ఆస్పత్రిలో అటెండరు చేసి చనిపోయాడు. కట్లు కట్టటం, ఎముక సరిచెయ్యటం, దేనికి ఏ మందో, అంతా ఆయన దగ్గర చూసి నేర్చుకుందే. మధ్యాహ్నం దాకా బళ్ళో ఆయా పని, ఆ తర్వాత కుక్కలు. నూకల జావ కాచి, మాంసం కొట్టు దగ్గర బతిమాలి తెచ్చిన ఎముకలు వేసి పెట్టేది. ఎప్పుడు చూసినా పది పన్నెండు ఉండేవి.

ఎక్కడివి ఇన్ని కుక్కలంటే, మిరప కల్లాలవి. మన వైపు సంగతి తెలిసిందేగా. కాయ కోసి ఆరబోసిన దగ్గర్నుంచి కల్లం కల్లానికీ ఒక పాక, పాకకో సంసారం, సంసారానికో కాపలా కుక్క. రెండు మూడు నెలలు దానికి రాజభోగం. పిల్లలు తినే కంచంలోదే దానికీ పెడతారు. కాయ ఎండి, టిక్కీ బస్తాలు కుట్టి, లారీ గుంటూరు యార్డుకి బయల్దేరే రోజు చాపలు ఎక్కిస్తారు, కుండలు ఎక్కిస్తారు, పాక మీద తాటాకు కూడా విప్పి ఎక్కిస్తారు. కుక్కని మాత్రం ఎక్కించరు. వచ్చే యేటికి ఇంకోటి దొరుకుద్దిగా. అది లారీ వెనకాల కాలవ వంతెన దాకా పరిగెత్తి, రొప్పుకుంటూ మళ్ళీ ఆ ఖాళీ కల్లంలోకే వచ్చి కూర్చుంటుంది.

అట్లా వదిలేసిన కుక్కలకి అరుపు ఉండదు. అరుపు వదిలేసిన చోటే ఉండిపోతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, మనిషీ లేక కుక్కా లేక, ఖాళీ కల్లంలోంచి అరుపు వినపడితే ఎవరూ ఆగి చూసేవాళ్ళు కాదు. ఫలానా వాళ్ళ కుక్కదిలే అనుకుని సైకిల్ తొక్కుకుంటూ పోయేవాళ్ళు.

చిక్కు ఏంటంటే, అరవని కుక్కని ఎవరూ పెంచుకోరు. "గంజి దండగ కదమ్మా" అంటారు. అందుకని కుక్క ఒళ్ళు బాగుపడ్డాక రెబ్కమ్మ చిన్న మట్టికుండ పట్టుకుని, అరుపు ఎక్కడుందో అక్కడికి పోయేది. కుండ మూతి గుమ్మానికి ఆనించి పెడితే, ఆ చోటు ఎవరిదో వాళ్ళు నోటితో "తీసుకెళ్ళు" అనాలి. అంటే అరుపు కుండలో పడుతుంది. గుడ్డ కట్టి తెచ్చి జావలో వంచితే సరి, రెండు రోజుల్లో కుక్క గొంతు సర్దుకుంటుంది.

కల్లాల్లో అయితే ఇబ్బంది లేదు. ఇళ్ళ దగ్గరే కష్టం. "తీసుకెళ్ళు" అన్నారంటే, దాన్ని గెంటేసింది తామేనని ఒప్పుకున్నట్టేగా. "మేమెందుకు వదిలేస్తామమ్మా, అదే ఎటో పోయింది" అంటారు. అంటూ ఉండగానే దర్వాజాలోంచి భౌమని వినపడుతుంది. అయినా ఒప్పుకోరు. "గాలికి తలుపు చప్పుడు" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్కో అరుపు కోసం రెబ్కమ్మ ఆరేసి నెలలు తిరిగేది. చెప్పులరిగేవి గానీ ఓపిక అరిగేది కాదు.

ఎనభై ఆరులో, పత్తి పూతకొచ్చిన రోజుల్లో, ఒంటెద్దు బండి తోలే మీరా హుస్సేన్ గోనెసంచిలో వేసి ఒక ఆడకుక్కని తెచ్చాడు. తేనెరంగుది. వెనక కాలు విరిగింది, పక్కటెముక లోపలికి నొక్కుకుపోయింది.

"ఎవరిది మీరా?"

"మా పక్కింటి జక్రయ్య మాస్టారిది. జిమ్మీ అంటారు. సంతోషకుమారి పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు బుట్టలో పెట్టుకుని తెచ్చుకుంది, పిల్లప్పుడు. మాస్టారిని కరిచిందంట. బయటికి గెంటారు."

"ఉత్తినే గెంటితే ఎముకలు ఇరుగుతయ్యా?"

"నన్నడుగుతావేంది రెబ్కమ్మా. దొరికింది, తెచ్చా."

మూడు నెలలు పట్టింది జిమ్మీ లేచి నడవటానికి. వెదురుబద్దలు కట్టి, చేత్తో జావ తాగించి, ఎత్తుకుని ఎండలో కూర్చోబెట్టి, ఒంటికి మళ్ళీ బొచ్చు వచ్చేదాకా చూసింది. అన్నీ బాగైనాయి గానీ ఒక అలవాటు మాత్రం పోలేదు. మగవాళ్ళెవరైనా చెయ్యి పైకెత్తితే చాలు, ఎక్కడున్నా కుంటుకుంటూ వచ్చి రెబ్కమ్మకీ ఆ మనిషికీ మధ్యలో నిలబడేది. ఒకసారి మీరా హుస్సేన్ తువ్వాలుతో నుదురు తుడుచుకోబోతే అట్లాగే వచ్చి నిలబడి, అతని మొహంలోకి చూస్తూ నోరు తెరిచింది. నోరు తెరుచుకునే ఉంది గానీ శబ్దం లేదు.

"చూశావా, మొగాడి చెయ్యి లేస్తే ఎంత భయమో దీనికి" అంది రెబ్కమ్మ.

మీరా హుస్సేన్ ఏదో అనబోయి, తువ్వాలు తలకి చుట్టుకుని బండెక్కాడు. భయపడ్డ కుక్క వెనక దాక్కుంటుంది గానీ ముందుకొచ్చి నిలబడదని, ఇరవై ఏళ్ళు కుక్కల మధ్య బతికిన మనిషికి ఆ రోజు తట్టలేదు.

క్రిస్మస్ ముందు పెదనందిపాడు వైపు నుంచి చెంచురామయ్య అనే రైతు వచ్చాడు. నాలుగెకరాల మిరప. రెబ్కమ్మ పద్ధతి ఏంటంటే, కుక్కని అడిగితే ఇంటిల్లిపాదీ రావాలి, అందరూ చేత్తో ముద్ద పెట్టాలి. ఆయన తల్లినీ భార్యనీ ఇద్దరు ఆడపిల్లల్నీ బండెక్కించుకుని వచ్చాడు. పిల్లలు జిమ్మీని వదలలేదు.

"కల్లం అయిపోయాక?" అని అడిగింది రెబ్కమ్మ.

"ఇంటికే తీసుకెళ్తానమ్మా. కావాలంటే ముసలమ్మ మీద ఒట్టేస్తా."

"నా మీద ఎందుకురా, నీ మీదే ఏసుకో" అంది వాళ్ళమ్మ.

అందరూ నవ్వారు. "అరుపు ఒక్కటి తెప్పించమ్మా, పండగెళ్ళాక వచ్చి పట్టుకెళ్తాం" అని చెప్పి వెళ్ళారు.

మాస్టారి దగ్గరికి ఎట్లా పోవాలా, ఆయన సంఘపెద్ద కూడాను, ఎట్లా అడగాలా అని రెబ్కమ్మ మథనపడుతూ ఉంటే, మర్నాడు బడి వరండాలో ఆయనే ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నిమ్మళంగా మాట్లాడే మనిషి.

"రెబ్కమ్మక్కా, మీ దగ్గరున్న కుక్క అరుపు మా ఇంట్లోనే ఉండిపోయింది. ఎప్పుడొచ్చి తీసుకెళ్తారు?"

రెబ్కమ్మకి చెవుల్ని నమ్మబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళలో పిలిచి మరీ ఇస్తానన్నవాడు లేడు. ఎంత మంచి మనిషి, తప్పు ఒప్పుకునే గుణం ఎంతమందికి ఉంటుంది అనుకుంది. ఆ సాయంత్రమే కుండ తీసుకుని బయల్దేరింది.

ఇల్లు శుభ్రంగా ఉంది. గోడకి వాక్యం రాసిన క్యాలెండరు, బల్ల మీద దిద్దాల్సిన పుస్తకాలు. మాస్టారి మణికట్టు మీద పళ్ళ గాటు ఇంకా ఎర్రగా ఉంది.

"బాగా పట్టిందే" అంది రెబ్కమ్మ.

"ఆడుకుంటా ఆడుకుంటా పట్టిందిలే అక్కా. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. వారం రోజులు పంచె కట్టలేకపోయా."

వంటింటి గుమ్మంలో సంతోషకుమారి నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయి. పొయ్యి దగ్గర్నుంచి వచ్చినా భుజాల నిండా పైట కప్పుకుంది. పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసు పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. "ఏమ్మా, బాగున్నావా?" అంటే తల ఊపింది.

"మాట తక్కువ" అన్నాడు మాస్టారు. "ఇదిగో, ఇక్కడుందక్కా" అని దర్వాజా చూపించటానికి చెయ్యెత్తాడు. అంతే, దర్వాజాలోంచి అరుపు విరుచుకుపడింది. గోడ మీద సున్నం రాలింది. పక్కన మీరా హుస్సేన్ ఇంట్లోంచి జోహరాబీ పొయ్యి మీది గరిటె చేతిలోనే పట్టుకుని పరిగెత్తుకొచ్చి, పిట్టగోడ మీంచి తొంగి చూసింది. రెబ్కమ్మని చూసి, "నువ్వా" అని ఆగిపోయింది.

మాస్టారు నవ్వాడు. "చూశారా? చెయ్యెత్తితే చాలు, ఊరంతా హాజరు. ఇంట్లో దండెం మీద తువ్వాలు తీసుకోలేకపోతున్నా."

రెబ్కమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత ఆవిడని చాలా ఏళ్ళు తినేసింది.

కుండ మూతి గుమ్మానికి ఆనించింది. మాస్టారు స్పష్టంగా, పాఠం చెప్పినట్టు, "తీసుకెళ్ళండి" అన్నాడు. అరుపు కుండలో పడింది. గుడ్డ కడుతుంటే సంతోషకుమారి వచ్చి కుండని రెండు చేతుల్తో పట్టుకుంది. వదల్లేదు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

"బెంగపెట్టుకోకమ్మా" అంది రెబ్కమ్మ, ఆ వేళ్ళని ఒక్కొక్కటీ మెల్లగా విడదీస్తూ. "దానికి మంచి ఇల్లు చూశాను. పిల్లలున్నారు. ఎవరూ చెయ్యి చేసుకోరు."

పండగెళ్ళాక చెంచురామయ్య వచ్చి జిమ్మీని బండెక్కించుకున్నాడు. బండి కదిలేటప్పుడు అది అరిచిన అరుపుకి బ్యారన్లో కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి. రెబ్కమ్మ ఆ రోజు బళ్ళో అందరికీ బెల్లం పంచింది.

ఫిబ్రవరిలో, కాయ ఆరబోసిన రోజుల్లో, మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి బ్యారన్లో ఒక మూల, జిమ్మీ పడుకునే గోనె మీద, సంతోషకుమారి కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది, అది ఉండాల్సిన వైపు లేదు. కన్ను ఒకటి మూసుకుపోయింది. కుక్కలు చుట్టూ చేరి పడుకున్నాయి.

"ఏమైందమ్మా?" అంటే నోరు తెరిచింది. నోరు తెరుచుకునే ఉంది గానీ శబ్దం లేదు.

అట్లాంటి నోరు ఎన్నిసార్లు చూసిందో రెబ్కమ్మ. మనుషులకీ ఇట్లా అవుతుందని మాత్రం అప్పుడే తెలిసింది. ఏమీ అడక్కుండా వెదురుబద్దలు తెచ్చి చేతికి కట్టు కట్టింది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి పిండికట్టు వేయించింది. తిరిగొచ్చాక తిన్నగా జోహరాబీ ఇంటికి పోయింది.

జోహరాబీ చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు.

"నీకు తెలుసా?" అంది రెబ్కమ్మ.

"గోడకి గోడ. తెలవకేం."

"మరి ఏం చేస్తున్నావ్?"

"ఆ అరుపు ఉన్నన్నాళ్ళూ వచ్చేవాళ్ళం. ఆయన చెయ్యి లేస్తే దర్వాజా అరిచేది, మేం నలుగురం గోడ దగ్గరికొచ్చేవాళ్ళం, ఆయన చెయ్యి దిగేది. నువ్వొచ్చి కుండలో పెట్టుకుని పోయావ్. ఇంక మాకెట్లా తెలుస్తది?"

"ఆ పిల్ల అరవదా?"

"ఆ పిల్లకి గొంతు లేదుగా, రెండేళ్ళైంది."

"అంతకు ముందు?"

జోహరాబీ చేట కింద పెట్టింది. "అరిచేది. ముందంతా అరిచేది. అప్పుడు రాలేదు మేము. ఎట్లా వస్తాం రెబ్కమ్మా? ఆడది అరిస్తే సంసారం అనుకుంటాం. కుక్క అరిస్తే దొంగేమో అని పోతాం."

రెబ్కమ్మ వెనక్కి తిరిగింది. వాళ్ళనేం అంటుంది, వేళ్ళు విడదీసింది తనే.

జిమ్మీని వెనక్కి తెద్దామా అని ఒకరోజంతా ఆలోచించింది. మళ్ళీ ఆ గుమ్మం ముందు దాన్ని కట్టేయాలంటే మనసొప్పలేదు. అసలు కావాల్సింది కుక్క అరుపు కాదు, ఈ పిల్ల గొంతు. అది ఉంటే పంచాయతీలో చెప్పుకుంటుంది, కోర్టులో చెప్పుకుంటుంది, కనీసం వద్దని అంటుంది. గొంతు లేని మనిషిని ఎవరు నమ్ముతారు. అప్పటికే మాస్టారు ఊళ్ళో చెప్పటం మొదలుపెట్టాడు, ఆవిడకి మతి చలించింది, ప్రార్థన చేయిస్తున్నాం, ఆదివారం వచ్చి తీసుకుపోతా అని. మాట రాని మనిషి, "కాదు" అని ఎట్లా అంటుంది?

కుండ తీసుకుని మాస్టారి ఇంటికి పోయింది. గొంతు అక్కడే ఉంటుందని ఆవిడ నమ్మకం.

"వెతుక్కోండక్కా" అన్నాడు మాస్టారు, తలుపులు బార్లా తీసి. "నేనేమీ దాచుకోలేదే."

గుమ్మం గుమ్మానికీ కుండ ఆనించి, చెవి పెట్టి విన్నది. పడమటింట్లో, వంటింట్లో, దొడ్డి తలుపు దగ్గర. ఎక్కడా చప్పుడు లేదు. మాస్టారు పక్కనే నిలబడి ఎర్ర సిరాతో పుస్తకాలు దిద్దుకుంటున్నాడు. "ప్రతి తప్పూ భర్త మీదే వేస్తే ఎట్లా అక్కా" అన్నాడు, తల ఎత్తకుండా. ఆ ఒక్క ముక్కలో మాత్రం ఆయన అబద్ధం ఆడలేదని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చి నేల మీద బూడిద పరిచి, సంతోషకుమారిని కూర్చోబెట్టింది. "నిన్ను మొదట గుమ్మంలోంచి వెనక్కి పంపింది ఎవరమ్మా?"

ఆ పిల్ల బూడిద మీదికి వంగింది. తర్వాత వేలితో రాసింది. కొత్తపట్నం. నాన్న.

శనివారం పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. ఒంగోల్లో బస్సు మారాలి. ఒళ్ళో కుండ చూసి కండక్టరు, "పెరుగా, అరుపా?" అని అడిగాడు.

"ఖాళీది."

"ఖాళీ అయితే ఫ్రీ. వచ్చేటప్పుడు మాట్లాడితే అర టిక్కెట్టు" అని నవ్వి వెళ్ళిపోయాడు.

సంతోషకుమారి నాన్న ప్రేమదాసు కొత్తపట్నం చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. గుడి పక్కనే ఇల్లు, వాకిట్లో ఇసక, దడి. వీళ్ళు చేరేసరికి నాలుగు కావస్తోంది. పక్కింటి ముసలాయన వల బాగుచేసుకుంటూ, "ఎవరి కోసం?" అన్నాడు. ఆయన సంతోషకుమారిని గుర్తుపట్టలేదు. "ఉపదేశి గారు లోపలున్నారు. కాసేపాగి పోండి. నాలుగు గంటల బస్సు వచ్చే టైమైంది, పిల్ల పిలుస్తది. ఆ టైములో ఆయన తలుపు తియ్యడు."

బస్సు హారన్ వినపడింది. తలుపు చెక్కల్లోంచి ఒక ఆడపిల్ల గొంతు, అలిసిపోయి, ప్రయాణం చేసి వచ్చినట్టు, "నాన్నా, నేను, తలుపు తియ్యండి" అంది. కొంచెం ఆగి, "నాన్నా, మంచినీళ్ళన్నా ఇవ్వండి" అంది. లోపల్నుంచి ప్రేమదాసు గొంతెత్తి కీర్తన అందుకున్నాడు. గుమ్మంలో గొంతు పిలిచినంతసేపూ పాడాడు. అది ఆగాక ఆయనా ఆపాడు. వల అల్లే ముసలాయన సూది మళ్ళీ ఆడించాడు.

సంతోషకుమారి గుమ్మం ముందు ఇసకలో కూర్చుండిపోయింది.

ప్రేమదాసు తలుపు తీశాడు. కూతుర్ని చూశాడు, పిండికట్టు చూశాడు, కన్ను చూశాడు. రోడ్డు వైపు చూసి, "అల్లుడు గారు రాలేదా?" అన్నాడు.

"వందనాలు అయ్యగారూ" అంది రెబ్కమ్మ. "అమ్మాయి గొంతు మీ గుమ్మంలో ఉండిపోయింది. తీసుకెళ్ళమని ఒక్క మాటంటే తీసుకెళ్తాం."

"ఎవరు చెప్పారు?"

"ఇప్పుడే విన్నాం."

ఆయన దర్వాజా మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "మూడుసార్లు వచ్చిందమ్మా. వచ్చినప్పుడల్లా వచ్చిన బస్సుకే తిరిగి పంపాను. కాపురం చేసుకోవాల్సిన పిల్ల. నేను పెళ్ళిళ్ళు చేయించేవాణ్ణి, నా కూతురే వచ్చి కూర్చుంటే సంఘానికి ఏం చెప్తాను?"

"సంఘానికి తర్వాత చెప్పుకుందురు గానీ, ఆ మాట అనండి."

"అనను."

"ఎందుకండీ?"

ఆయన కళ్ళు తడయ్యాయి. నిజంగానే తడయ్యాయి, అందులో నటన లేదు. "అది నా బిడ్డ గొంతమ్మా. సాయంత్రం అయితే దాని కోసం ఎదురుచూస్తాను. అది కూడా పట్టుకుపోతే ఇల్లు బోసిపోద్ది."

"బిడ్డ మీ కాళ్ళ ముందే కూర్చుందిగా అయ్యా."

"బిడ్డని ఉంచుకోలేనమ్మా. గొంతు ఉంటే ఎవరికి అడ్డం?"

రెబ్కమ్మ జీవితంలో చాలా గుమ్మాల ముందు నిలబడింది. కుక్కని మేం వదల్లేదన్న వాళ్ళని చూసింది, తిట్టిన వాళ్ళని చూసింది. అరుపుని ముద్దు చేసుకుంటూ కుక్కని బయట పెట్టిన మనిషిని చూడటం అదే మొదలు. కుండ గుమ్మానికి ఆనించే ఉంది, దాని మూతి ఖాళీగా ఉంది.

అప్పుడు లోపల్నుంచి ఉపదేశి గారి భార్య వచ్చింది. ఆవిడ పేరు దేవకుమారి అని రేషను కార్డు చూస్తే గానీ ఎవరికీ తెలియదు. ఊరందరికీ ఉపదేశమ్మ. నెమ్మదైన మనిషని, ఎవరినీ ఒక్క మాట అనదని, ఆడవాళ్ళ కూటాల్లో ఆవిడనే అందరికీ చూపించేవాళ్ళు. చేతిలో గ్లాసుతో వచ్చి కూతురి పక్కన ఇసకలో కూలబడి, నీళ్ళు తాగించింది. విరిగిన చెయ్యి నిమిరింది. నోరు తెరిచింది.

రెబ్కమ్మ ఆ నోరు చూసింది. అందులోంచీ శబ్దం లేదు.

దేవకుమారి లేచి లోపలికి పోయింది. వంటింట్లో నీళ్ళు ఒలకబోసిన చప్పుడైంది. ఒక చిన్న కుండ, ఇంకా అడుగు తడిది, చీర చెంగుతో తుడుచుకుంటూ బయటికొచ్చింది. చెప్పులేసుకుంది. వచ్చి రెబ్కమ్మ పక్కన నిలబడింది.

"నువ్వెక్కడికి?" అన్నాడు ప్రేమదాసు.

ఆవిడ జవాబు చెప్పలేదు. జవాబు రాకపోవటం ఆయనకి అలవాటే గనక మొదట పట్టించుకోలేదు. తర్వాత చెప్పులు చూశాడు. కుండ చూశాడు. వల అల్లే ముసలాయన సూది ఆపేశాడు. దడి అవతల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పోగయ్యారు.

"లోపలికి పో" అన్నాడు. ఆవిడ కదల్లేదు. "ఇంతమంది ముందు నా పరువు తీస్తావా? నీకేం తక్కువ చేశాను?" ఆవిడ సంతోషకుమారిని రెక్క పట్టుకుని లేపింది. అప్పుడు ఆయన గొంతు పగిలింది. "పోండి. అందర్నీ తీసుకెళ్ళు. అన్నీ తీసుకెళ్ళు."

కోపంతో అన్నా నోటిమాట నోటిమాటే. తలుపు చెక్కలు ఒక్కసారి ఊపిరి వదిలినట్టు అయ్యాయి. రెబ్కమ్మ చేతిలో కుండ బరువెక్కింది. గుడ్డ కట్టేసింది. ప్రేమదాసు దర్వాజాని తడిమి చూసుకున్నాడు, చెవి ఆనించాడు. వాళ్ళు రోడ్డెక్కేదాకా అట్లా చెవి ఆనించే ఉన్నాడు.

ఒంగోలు బస్టాండులో రెబ్కమ్మ టీకొట్టు దగ్గర గ్లాసుడు పాలు తీసుకుని, గుడ్డ విప్పి, కుండని పాలలోకి వంచింది. సంతోషకుమారి తాగింది. పొలమారింది. కళ్ళెంట నీళ్ళు కారేదాకా దగ్గింది. ఏడుస్తుందేమో, నాన్నా అంటుందేమో అనుకుంది రెబ్కమ్మ. ఆ పిల్ల మూతి తుడుచుకుంది. తల్లి చేతిలో ఉన్న ఖాళీ కుండ వైపు చూస్తూ కూర్చుంది.

"మీది ఏ ఊరమ్మా, పుట్టిల్లు?" అని దేవకుమారిని అడిగింది రెబ్కమ్మ. ఆవిడ ప్లాట్‌ఫారం మీద బోర్డు చూపించింది. దర్శి.

"ఎన్నేళ్ళైంది?"

ఆవిడ రెండు చేతుల వేళ్ళూ మూడుసార్లు చూపించి, ఆ తర్వాత నాలుగు వేళ్ళు చూపించింది.

ముప్పై నాలుగు. రెబ్కమ్మ తల తిప్పుకుంది. అరుపులు గోడల్లో ఎన్నాళ్ళుంటాయో ఆవిడకి తెలుసు. ఏటేటా సున్నాలు వేస్తారు, దర్వాజాలు మారుస్తారు, గోడలు వానకి కూలతాయి. ఆవిడ తెచ్చిన వాటిలో అన్నిటికంటే పాతది తొమ్మిదేళ్ళ నాటిది. అది జావలో వంచితే కుక్క నోట్లోంచి అరుపు రాలేదు, చిన్న దగ్గులాంటిది ఒకసారి వచ్చి ఆగిపోయింది. ఆ సంగతి దేవకుమారికి చెప్పలేదు.

మర్నాడు ఆదివారం. మాస్టారు బ్యారన్ దగ్గరికి వస్తాడు, భార్యని పంపమంటాడు, నిమ్మళంగానే అడుగుతాడు. గుడిలో పాఠం కూడా ఆయనే చదువుతాడు. ఆయన ఉద్యోగానికి గానీ పెద్దరికానికి గానీ ఏమీ కాలేదు, ఆ తర్వాత కూడా కాలేదు.

దర్శి బస్సు వచ్చింది. ముగ్గురూ ఎక్కి వెనక సీట్లో సర్దుకున్నారు. కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంటూ వచ్చి, అలవాటు కొద్దీ పెద్దావిడనే ముందు అడిగాడు. "ఎక్కడికమ్మా?"

దేవకుమారి నోరు తెరిచి, మూసి, ఒళ్ళో కుండ మీద చెయ్యి వేసుకుంది.

"అడుగుతుంటే చెప్పరేంటి? రిటర్న్ ఉందా, ఇవాళే వచ్చేస్తారా?"

"రాం" అంది సంతోషకుమారి. రెండేళ్ళు వాడని గొంతు తుప్పుపట్టిన గొళ్ళెంలా కిర్రుమంది. ఆ పిల్ల గొంతు సవరించుకుని, ఈసారి బస్సులో అందరికీ వినపడేట్టు చెప్పింది. "దర్శికి మూడు. పోవటానికే."